వంటావార్పులో నా ఇనుప పెట్టె

బంద్ రోజున ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకుని పరుగు పందేనికి పోయినదాన్ని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అనుకుంటాను. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె ముదిరిందని నిజాంపేటలో మా హాస్టల్ ఆమె పొద్దున్నే అందరినీ సామాన్లతో సహా బయటికి పంపేసింది. ఆ రోజే గచ్చిబౌలి స్టేడియంలో క్రీడా అకాడమీ ఎంపికలు. వచ్చే ఏడాదికి నా వయసు దాటిపోతుంది. పాలవ్యాను అతను దయతలచి ఎక్కించుకున్నాడు గానీ కొండాపూర్‌లోనే దించేశాడు. అక్కడినుంచి నడక. మెడ విరిగిపోతుంటే హాస్టల్ ఆమెను నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ నడిచాను.

గేటు దగ్గర కానిస్టేబుల్ పెట్టెను చూసి వెనక్కి జరిగాడు. బాంబులు పేలిన ఊరు, అతన్ని తప్పుపట్టలేను.

"సామాను లోపలికి రాదు. ఏడన్న పెట్టిరా, జల్దీ. గేటు బంద్ చేస్తరు."

"సామాన్ల గది ఉంటదన్నరు గద సార్."

"ఉన్నది. తాళంచెవి ఉన్నాయన సమ్మెల ఉన్నడు."

సమ్మె మాది. కాలేజీ ముందు గొంతు పోయేలా నినాదాలిచ్చినదాన్ని. ఇప్పుడు ఎవర్ని తిట్టను? దుకాణాల షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "ఎవరిదని అడిగితే ఏం చెప్పాలె? నా నౌకరి పోతది బిడ్డా" అని లోపలికి పోయాడు. ఎక్కడో పొదల్లో పారేసి పోదామంటే పెట్టెలో అమ్మ వెండి కడియాలున్నాయి. ఎంపికైతే వాటిని కుదువపెట్టి బూట్లు కొనుక్కోమని కాళ్లవి తీసి ఇచ్చింది. రోడ్డు మీదే నిలబడి ఏడ్చేశాను. సిగ్గుపడే ఓపిక కూడా లేదు.

అక్కడే వంటావార్పు జరుగుతోంది. దారి ఆపేసి, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని తినడం అప్పట్లో మా నిరసన. పుప్పాలగూడ నుంచి వచ్చిన ఆడవాళ్లు అన్నం వండుతున్నారు. గంటె పట్టుకున్న ఒక పెద్దామె నన్ను పిలిచింది.

"ఏందమ్మా, గిట్ల ఏడుస్తున్నవ్?"

చెప్పాను. కడియాల సంగతి మాత్రం చెప్పలేదు.

"గింతేనా. ఈడ పెట్టు. నువ్వొచ్చేదాక దీన్ని ఇడువ. పో, ఉరుకు" అంటూ ఆమె పెట్టె మీద కూర్చుంది.

లోపల నా వంతు కోసం పరుగు మొదలుపెట్టే గీత దగ్గర నిలబడ్డాను. అప్పుడే బయట విజిళ్లు మొదలయ్యాయి. "వంటోళ్లను వ్యాన్లల్ల ఎక్కిస్తున్నరు" అన్నారెవరో. అమ్మ బోసికాళ్లే కళ్లముందు ఆడాయి. ఇంకేం ఆలోచించలేదు, గీత వదిలేసి గేటు బయటికి పరుగెత్తాను. రోడ్డంతా అన్నం ఒలికి ఉంది. పోలీసు వ్యాను మలుపు తిరుగుతోంది. దాని వెంటపడ్డాను. నా జన్మలో అంత వేగంగా ఎన్నడూ ఉరకలేదు. అయినా ఏం లాభం, అది ఫ్లైఓవర్ ఎక్కిపోయింది. తిరిగి వచ్చేసరికి గేటు మూసేశారు. చేతులు వాచేదాకా బాదాను. ఎవరూ తియ్యలేదు.

వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ పోలీస్ స్టేషన్ చేరేసరికి సాయంత్రమైంది. ఆవరణలో ఆడవాళ్లంతా నేల మీద కూర్చున్నారు. పెద్దామె నా పెట్టె మీద కూర్చుని ఉంది. ఆమె మోచెయ్యి గీసుకుపోయి రక్తం గడ్డకట్టింది.

"పోలీసోళ్లు ఎంత చెప్పినా పెట్టె ఇడువలే. పెట్టెతోనే గుంజి వ్యాన్ల ఏసిండ్రు" అంది పక్కామె.

"ఇడిస్తెట్ల? దీని ఫికరుంటే పిల్ల ఉరుకుతదా?" అని పెద్దామె నావైపు తిరిగింది. "ఎన్నో నంబరొచ్చినవ్ బిడ్డా?"

అందరూ నా నోటివంకే చూస్తున్నారు. నా కళ్లు ఆమె మోచేతి మీదే ఉన్నాయి.

"ఫస్టు" అన్నాను.

"ఇగ తీస్కో" అంటూ ఆమె పెట్టె మీది నుంచి లేచింది.