అమ్మ కోసం ఒక గంట

లాస్ అలమోస్ కొండ మీద అణుబాంబు పనిలో ఉన్న అర్నోకి, జర్మనీలోని బ్రెస్లావులో ఉండిపోయిన తల్లిని నాజీలు చంపేశారన్న కబురు రెండేళ్లు ఆలస్యంగా అందింది. అంత పాత చావుకి యూదులు ఆచారం ప్రకారం ఏడు రోజులు బూట్లు లేకుండా నేల మీద కూర్చుని దుఃఖించనక్కర్లేదు, ఒక్క గంట చాలు. బూట్లు విప్పి నేల మీద కూలబడ్డాడు గానీ కుదురు లేదు. వేళ్లు మోకాలి మీద అంకెలు గీస్తూనే ఉన్నాయి.

"గంటయింది, లేవండి," అంది అతని భార్య హెర్మీన. ఆమెదీ అక్కడే లెక్కల పని. "అత్తయ్య గుర్తొచ్చిందా?"

"లేదు. నిన్న తేలని లెక్క తేలింది."

"సిగ్గులేదూ! జర్మనీ లొంగిపోయి నెల దాటింది. ఇక ఈ బాంబు ఎవరి అమ్మ మీద పడాలి?"

ఒక బూటు తొడుక్కున్న అర్నో, దాన్ని విప్పి మళ్లీ నేల మీద కూర్చున్నాడు.