తలకిందులైన ప్రార్థన పుస్తకం

ఐదో తరగతితో బడి మానేసిన నాకు చదువు చెప్పింది బందరులోని ఒక ప్రెస్సు. ముప్పై ఏళ్లు అక్కడ సీసపు అక్షరాలు కూర్చాను. చర్చివాళ్ల తెలుగు ప్రార్థన పుస్తకాలూ నా చేతిమీదుగా వెళ్లాయి. అందుకే రెండువేల తొమ్మిదిలో ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, ఉత్తరాన మంచుదేశాలకు వెళ్లిన ఆంగ్లికన్ మిషనరీల మీద మ్యూజియంలో ఎగ్జిబిషన్ పెట్టారని తెలియగానే తీసుకెళ్లమని పట్టుబట్టాను.

సీల్ తోలు బూట్లు, కుక్కలు లాగే బండి దాటి ఒక అద్దాలపెట్టె దగ్గర ఆగాను. లోపల తెరిచిన ప్రార్థన పుస్తకం. అక్కడి ఇన్యూట్ జనం భాష. త్రికోణాలు, కొక్కేల్లాంటి అక్షరాలు. ఒక్కటీ రాదు. అయినా చూడగానే ఒళ్లు మండింది.

"పుస్తకం తలకిందులుగా పెట్టారేంటి?"

"మెల్లగా నాన్నా! మీకు ఆ లాంగ్వేజ్ వచ్చా?"

"రాదు. పెట్టినవాళ్లకి వచ్చా?"

తెల్లజుట్టు గైడమ్మ వచ్చింది. సంగతి విని, పిల్లాణ్ణి బుజ్జగించినట్టు నవ్వింది. ఆ నవ్వుకి నాకు ఇంకా మండింది. ముప్పై ఏళ్ల పని తప్పనిపించుకుని ఇంటికి పోవడమా!

"అమ్మా, ఆవిడకి చెప్పు. పేరా చివరి పంక్తి సగంలో ఆగుతుంది. మిగతా చోటు ఖాళీ సీసం ముక్కలతో నింపుతాం. ఏ భాషైనా అంతే. ఇక్కడ కురచ పంక్తి పేరాకి పైనుంది, ఖాళీ ఎడమపక్కనుంది."

మా అమ్మాయి రెండు ముక్కలు చెప్పి ఊరుకుంది.

"మొత్తం చెప్పవే! ఇంగ్లీషులో కూడా పిసినారితనమా?"

ఈసారి పూర్తిగా చెప్పింది. గైడమ్మ నవ్వు ఆపి, వంగి, పెట్టెలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఎవరికో ఫోన్ చేసింది. చేతికి తొడుగులతో ఒకాయన వచ్చి, పెట్టె తెరిచి, పుటల్ని పట్టి ఉంచిన పట్టీని తీశాడు. పట్టీ కింద పేజీ నంబరు, తలకిందులుగా.

"ఓ మై గాడ్!" అంది గైడమ్మ.

"మై డాడ్!" అంది మా అమ్మాయి. ఇందాక మెల్లగా మాట్లాడమన్న మనిషే, హాలంతా వినబడేలా.

ఆయన పుస్తకం తిప్పి పెట్టి, నాతో చేయి కలిపి, మిగతావి కూడా చూసి చెప్పమన్నాడు. కళ్లజోడు తుడుచుకుని గంటసేపు ఒక్క పెట్టె కూడా వదలకుండా చూశాను. ఇంకొక్క తప్పు దొరికితే ఒట్టు. అంత దూరం వెళ్లినందుకు రెండోదైనా దొరకాల్సింది.