కంప్యూటర్లో లేని ఇర్పుమెట్ట

"యల్లా, పద శేషాపూర్!" అని ఫోర్‌మన్ కేకేస్తే జలంధర్ పలుకుతాడు. నాలుగేళ్లుగా పలుకుతూనే ఉన్నాడు. చేరిన రోజు పాస్‌పోర్టు చూసి ఫోర్‌మన్ పకపకా నవ్వాడు. "జలంధర్ పంజాబ్‌లో పట్నం కదయ్యా! మనిషి పేరెట్లా అవుతుంది?" పుట్టిన ఊరి గడిలో ఉన్న శేషాపూరే అసలు పేరనుకున్నాడు. అట్లా ఆదిలాబాద్ గోండు బిడ్డ పెందూర్ జలంధర్, తన తాత చేలు కాజేసిన షావుకారు శేషాచలం పేరు మోస్తూ కతర్‌లో బతుకుతున్నాడు. ఆ ఊరిని ఇంట్లో పిలుచుకునేది ఇర్పుమెట్ట అని. ఇర్పు అంటే గోండిలో ఇప్పపువ్వు. షావుకారు వచ్చాకే కాగితాల్లో శేషాపూర్ అయింది. ఫోర్‌మన్‌కి చెప్పాలని మొదట్లో అనుకున్నాడు. తర్వాత అనుకోవడం కూడా మానేశాడు.

అతని డ్యూటీ రోడ్ల పక్కన ఊరి పేర్ల బోర్డులు బిగించడం. ఆ పొద్దున అల్ ఖోర్ పట్నం దాటాక, ఎడారిలోకి చీలే మట్టిదారి దగ్గర ఒకటి నిలబెడుతున్నారు. పికప్ నడిపే కడప బాషా దాని మీది అరబీ చదివి వినిపించాడు.

"బాషన్నా, ఈ ఊర్లె ఎందరుంటరే?"

"ఎవురూ లేరప్పా. మొండిగోడలు, గాలి. ఎప్పుడో ఇడిచిపెట్టి పోయినారంట."

"మరి బోర్డెందుకు?"

"ఊరికి పేరుండాది గదప్పా! ఇంకేం గావాల?"

అంతలో ఫోన్ మోగింది. భార్య పుష్ప. పోయినేడు అతను సెలవు మీద వెళ్లొచ్చాడు. మూడు రోజుల కిందట ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది.

"బావా, బిడ్డ పుట్టిన కాగితం రాస్తున్నరు. మన ఊరేదంటే అత్త ఇర్పుమెట్ట అన్నది. అసుంటి ఊరు కంప్యూటర్ల లేదంట. శేషాపూర్ అని రాసి సంతకం పెట్టుమంటున్నరు."

గల్ఫ్ అంతా దుబాయే అనుకునే తల్లి సాయవ్వ వెనక నుంచి అరుస్తోంది. "దుబాయ్‌ల కూసున్నోన్ని ఏమడుగుతవే? నేను చెప్తున్న గద! వాని కంప్యూటర్ కంటే ముందు పుట్టింది మా ఊరు!"

జలంధర్ చేతిలో పానా ఉంది. కోపం వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు.

"పెట్టకుంటే?"

"మల్ల తిరగాలె. ఎన్నిసార్లో చెప్పరు."

"పెట్టు."

"ఏమన్నడే?" అని సాయవ్వ అడగడం వినిపించింది. అతను ఫోన్ జేబులో వేసుకుని మిగిలిన బోల్టులు బిగించాడు.

"ఏమైంది అబ్బీ?" అన్నాడు బాషా.

"ఏం లేదన్నా. కాగితంల బిడ్డ శేషాపూర్ల పుట్టింది."

ఇట్లాంటి సంతకాలు రేపూ పడతాయి. ఆసుపత్రిలోనో పంచాయతీలోనో పేర్లు రాసే చెయ్యి మీదైతే, ముసలామె చెప్పిన ఊరు లేదని కొట్టెయ్యకండి. ఆమె చెప్పింది చెప్పినట్టు పక్కన రాయండి. వచ్చే గ్రామసభలో ఆ పేరు కోసం తీర్మానం పెట్టించండి. సాయవ్వలు బతికుండగానే ఊరి అసలు పేరు అడగండి.