సబూత్ కోసం ఉంచుకున్న ఫోటో

పెద్దేముల్‌లో పెద్దమనుషుల ముందు ఆ అబ్బాయి తన ఫోన్‌లోంచి ఫోటో తీసేశాడు. పంచాయితీ తెగిందన్నారు. చాయ్ తెప్పించారు. తీసేసే ముందు మాత్రం ఆ ఫోన్ అందరి చేతుల్లోకీ ఒకసారి వెళ్లింది. తీసేది ఆ ఫోటోనే అని రూఢి చేసుకోవాలి కదా! ఒకాయన కళ్లజోడు కోసం ఇంటికి మనిషిని పంపాడు.

నేను తాండూరు విలేకరిని. ఇలాంటి చోటికి విలేకరిని పిలిచేది వార్త రాయడానికి కాదు, రాయకుండా చూసుకోవడానికి. పక్కనే కూర్చోబెట్టుకుంటే అదో భరోసా.

అమ్మాయి తండ్రి పెద్దేముల్ నుంచి తాండూరుకు షేర్ ఆటో నడుపుతాడు. ఆమె హైదరాబాద్‌లో యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతోంది. అబ్బాయిదీ అదే యూనివర్సిటీ, తాండూరు దగ్గర భూములున్న కుటుంబం. ఇష్టపడిన రోజుల్లో అతను బతిమాలితే, ఒంటి మీద బట్టల్లేని ఫోటో ఒకటి పంపింది. ఆమె మాట్లాడటం మానేశాక అతను దాన్ని స్నేహితులకు చూపించాడు. ఊరికి కూడా పంపుతానని బెదిరించాడు.

హాస్టల్లో ఆమె గదిలో ఉండే పిల్ల బెంగళూరులో పెరిగింది. విని జాలిపడిందట గానీ, మొహం కనబడేలా ఎవరైనా పంపుతారా అని తెల్లబోయిందట. పెద్దేముల్‌లో మొహం ఊసే లేదు, పంపడమే నేరం. అక్కడొక న్యాయం, ఇక్కడొక న్యాయం. ముద్దాయి మాత్రం ఆమే.

పంచాయితీలో అందరూ చాయ్ తాగుతుండగా, తండ్రి పక్కన కూర్చున్న ఆ అమ్మాయి లేచింది.

"పెద్దనాయినా, మీ ఫోన్ గూడ జర చూపియ్యున్రి."

కళ్లజోడాయన ఏమీ దాచలేదు. "సబూత్ ఉంచుకున్న బిడ్డా. రేపు వాడు మాట తప్పితే ఏం జూపిస్తం?"

పక్కాయన అందుకున్నాడు. "నాకు గూడ పంపిండు. ఈయన ఫోన్ ఊకె కింద పడ్తది."

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నేను ఒక్కనికి పంపిన. న్యాయం జేస్తమని మీరు ఇంతమంది పంచుకున్నరు."

"గదేంది బిడ్డా, మా మీదనే నమ్మకం లేదా?" కళ్లజోడాయన నిజంగానే నొచ్చుకున్నాడు.

మర్నాడు తండ్రి ఆటోలోనే వికారాబాద్ వెళ్లి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. అబ్బాయి పేరు కింద ఆ ఇద్దరు పెద్దమనుషుల పేర్లూ రాసింది. అబ్బాయి చేసింది వయసు పొరపాటని ఊరు అప్పటికే తేల్చేసింది. పెద్దల మీద ఆమె కేసు పెట్టినదానికి మాత్రం అలాంటి మెత్తని మాట దొరకలేదు.

అబ్బాయి క్లాసులకు పోతున్నాడు. ఆమె ఇంట్లోనే ఉంది. తండ్రి చదువు మానమనలేదు. "ఆళ్ల ఫోన్లల్ల అది లేదని పోలీసోళ్లు చెప్పనీ బిడ్డా, నేనే దింపొస్త" అన్నాడు. ఆమె ఎమ్మెస్సీ ఇప్పుడు ఆ రెండు ఫోన్ల మీద ఆగింది.

పక్కాయన తన ఫోన్ స్టేషన్‌లో ఇచ్చాడు. కళ్లజోడాయన ఫోన్ కాగ్నా వాగులో పడిపోయిందట, పోలీసులకు అదే చెప్పాడు. ఆ నంబరు నుంచి నాకు ఇప్పటికీ రోజూ పొద్దున్నే అనంతగిరి స్వామి బొమ్మతో శుభోదయం వస్తోంది.