చేతుల్లేని గౌను

నా చిన్నప్పుడు సిగ్గంటే ఏమిటో నాకు ఒక కార్తీక సోమవారం నాడు తెలిసింది, అదీ శివుడి గుమ్మంలో. అప్పటిదాకా జామచెట్లెక్కి, కాలవలో దూకి, ఒంటిమీద బట్ట సంగతే పట్టకుండా తిరిగినదాన్ని.

మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. ఆ ఏడు మా అమ్మ అమలాపురంలో ఆకుపచ్చ సిల్కు కట్‌పీసు కొని, బుట్ట చేతుల గౌను కుట్టమని ఇచ్చింది. గుడ్డ చాల్లేదు. దర్జీ చేతులే లేకుండా కుట్టేసి, టౌనులో అందరూ ఇలాగే వేస్తున్నారని సర్దిచెప్పాడు. అమ్మ గొణిగింది గానీ నాకు మాత్రం తెగ నచ్చేసింది. ఆ సోమవారం తొడుక్కుని తిన్నగా గుడికి వెళ్ళాను.

ప్రమిద పట్టుకుని గడప దాటబోతుంటే మా వీధిలో పెద్దావిడొకరు నా జబ్బ పట్టుకుని ఆపేశారు.

"భుజాలన్నీ కనపడేలాగా దేవుడి దగ్గరికి? ఆడపిల్లవి, సిగ్గులేదుటే? ఎళ్ళు, ఒంటినిండా గుడ్డ కట్టుకుని రా!"

నాకంటే ముందే వచ్చిన అమ్మ లోపల ఎక్కడో ప్రదక్షిణలు చేస్తోంది. వీధిలోవాళ్ళు, మా క్లాసు పిల్లలు, అందరి కళ్ళూ నా మీదే. నా చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ప్రమిద అక్కడే పెట్టేసి, భుజాలు గట్టిగా పట్టుకుని ఇంటికి పరిగెత్తాను.

ఇంట్లో మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, ఒక్కతే ఉంది. ఆవిడ గుడికి వచ్చేది కాదు. అసలు వీధిలోకే వచ్చేది కాదు. భర్త పోయిన ఆడవాళ్ళు రవిక తొడుక్కోకూడదని అప్పట్లో మా ఇళ్ళలో ఆచారం. తాతయ్య పోయిన దగ్గర్నుంచి మామ్మ ఉత్త చీరే ఒంటికి చుట్టుకుని, మగవాళ్ళెవరైనా వస్తే పెరటి గదిలోకి వెళ్ళిపోయేది. మామ్మ అంటే అంతేనేమో అనుకునేదాన్ని.

వెక్కుతూ అంతా చెప్పాను. ఇంక జన్మలో గుడికి వెళ్ళను, ఈ గౌను పొయ్యిలో పడేస్తాను అన్నాను. ఊరుకోబెడుతుందనుకుంటే, ఆవిడ మొహం ఎర్రబడిపోయింది. కొంగు బిగించి, నా చెయ్యి పట్టుకుని, పట్టపగలు వీధిలోకి దిగింది! కొబ్బరికాయలు దింపుతున్నవాళ్ళు పని ఆపి మరీ చూశారు. మామ్మ తల దించుకునే నడిచింది గానీ ఎక్కడా ఆగలేదు.

గుమ్మంలో ఆ పెద్దావిడ ఎదురుగా నిలబడి, కొంగు కాస్త పక్కకి తీసి తన భుజం చూపించింది.

"వదినగారండీ, దీని గౌనుకి చేతులే లేవు. నా ఒంటిమీద అసలు రవికే లేదు. ఆయన పోయినప్పుడు తీసెయ్యమన్నోళ్ళలో మీరూ ఉన్నారు కదండీ. అదే మర్యాదన్నారు. మరి మా ఇద్దర్నీ బయటే నిలబెట్టేస్తారేటండీ?"

పెద్దావిడ పక్కకి తప్పుకున్నారు. మామ్మ నా చేత దీపం వెలిగించింది. నాకు మాత్రం గెలిచినట్టు అనిపించలేదు. ఏళ్ళ తరబడి అందరి కళ్ళూ తప్పించుకున్న మనిషి, నా కోసం అంతమంది ముందు అలా నిలబడాల్సి వచ్చిందే అని ప్రాణం చచ్చిపోయింది.

ఇంటికి వస్తుంటే దారిలో చెప్పింది. "మీ తాత పోయేక గుడికొస్తే నన్నూ అలాగే చూసేరమ్మా. సిగ్గేసి గుమ్మంలోంచే తిరిగొచ్చేసేను. మళ్ళీ గుడికెళ్ళడం ఇవాళే. నువ్వు కూడా నాలాగే ఇంట్లో కూర్చుండిపోతావేమోనని భయమేసింది."

నేను ఇప్పటికీ మోచేతుల దాకా రవిక తొడుక్కుని, నిండుగా కొంగు కప్పుకునే గుడికి వెళతాను. దేవుడి ముందు అలా ఉంటేనే నాకు మనసు నిలుస్తుంది. అది నా ఇష్టం, నా భక్తి. దాన్ని ఇంకొకరి ఒంటిమీద రుద్దడం మాత్రం నావల్ల కాదు. ఏ పిల్లయినా గుమ్మం దగ్గర చున్నీ సర్దుకుంటూ, లోపలికి రావాలా వద్దా అని తటపటాయిస్తుంటే ఈ వయసులోనూ సిగ్గుతో నా మొహం మండుతుంది. అంత మంచి మనిషిని అన్నేళ్ళు పెరట్లో దాచిపెట్టి, దానికి మర్యాద అని పేరు పెట్టుకున్న ఇంట్లో పెరిగినదాన్ని కదా మరి. వెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంటాను. ఎవరేమన్నా నన్నే అనమని, నాతోపాటే లోపలికి తీసుకెళ్ళిపోతాను.