అంబులెన్సు గుమ్మంలో ఉండగా చేసిన ప్రార్థన

2021 మే నెలలో, కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు, నేను రాజోలు పక్కన మా ఊళ్లోనే ఆశా కార్యకర్తను. ఆశా అంటే ఆరోగ్యశాఖలో అట్టడుగు మెట్టు. మా పైన ఏఎన్ఎం, అంటే నర్సమ్మగారు, ఆవిడ పైన డాక్టరుగారు. నేను చదివింది ఎనిమిదో తరగతి, అది కూడా అత్తెసరుగా.

పని ఇదీ. జ్వరం ఉన్న ఇళ్లకు రోజూ పొద్దున్నే వెళ్లి, వేలికి క్లిప్పులా పెట్టే ఆక్సిమీటరుతో ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూడాలి. తొంభై నాలుగు కంటే తగ్గితే ఏఎన్ఎంకి ఫోను. ఆవిడ అమలాపురం ఆసుపత్రిలో మంచం ఖాళీ చూసి అంబులెన్సు పంపుతారు. ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకరికి వెళ్లిపోతుంది.

ఒకరోజు సుగుణమ్మక్కకి ఎనభై ఎనిమిది చూపించింది. ఆవిడ మా చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. మా పేటలో ఒక అలవాటుంది. ఆసుపత్రికైనా, పరీక్షకైనా, కువైట్‌కైనా, తలమీద చెయ్యి పెట్టించుకుని ప్రార్థన చేయించుకోకుండా ఎవరూ గడప దాటరు. ఏళ్ల తరబడి ఆ చెయ్యి సుగుణమ్మక్కదే.

ఏఎన్ఎంకి ఫోను చేశాను, అంబులెన్సు రానే వచ్చింది. అక్క మాత్రం మంచం పట్టె పట్టుకుని కదలనంది.

“నేను రానే. చర్చి మూసేసేరు. పాస్టరుగారు జ్వరంతో పడున్నారు. నా తలమీద చెయ్యెవరు పెడతారు? ప్రార్థన లేకుండా ఎక్కితే సంచీలో చుట్టి తెస్తారు.”

“బండి వెళ్లిపోద్దక్కా!”

“పోనీవే.”

కొడుకు కాళ్లు పట్టుకున్నాడు. డ్రైవరు గుమ్మంలోంచి కేకేశాడు, “వస్తారాండీ, రారాండీ? రానంటే సంతకం పెట్టేయండి, ఇంకో ఇంటికెళ్లాలి” అని. ఆక్సిమీటరు చూస్తే ఎనభై ఆరు!

పాస్టరుగారు లేరు. సమాజం వాళ్లని లోపలికి రానివ్వకూడదు. ఇక ఉన్నదాన్ని నేను. సమాజంలో నేనెప్పుడూ పైకి ప్రార్థన చేసిన మనిషిని కాను. చాపలు పరవడం, టీలు అందించడం, అంతవరకే. అయినా “నేను చేస్తానక్కా” అనేశాను.

అక్క నా చేతి తొడుగుకేసి చూసింది. “ఆ రబ్బరు చేత్తోనా? దేవుడికి ఆనుద్దంటావా?”

“దేవుడికి ఆనుద్దండీ. తొడుగు తీస్తే కరోనా నాకంటుద్ది.”

అంత ఆయాసంలోనూ ఆవిడకి నవ్వొచ్చింది. పట్టె వదిలింది. నేను తలమీద చెయ్యి వేసి వీధిలోకి చూద్దును కదా, పేటలో ఆడవాళ్లంతా ఎవరి అరుగు మీద వాళ్లు నిలబడి, ముక్కుకి కొంగులు కట్టుకుని, అక్క ఇంటివైపు చేతులు చాపి ఉన్నారు! ఎవరు కబురందించేరో నాకిప్పటికీ తెలీదు. నాకెక్కడలేని గొంతూ వచ్చింది.

“తండ్రీ, మా అక్కకి ఊపిరందించు. బండి ఆపు. అమలాపురంలో మంచం ఆపు. ఆమేన్!”

వీధి వీధంతా “ఆమేన్” అంది. డ్రైవరూ అన్నాడు, మెడలో వాడపల్లి వెంకన్న లాకెట్టు ఊగుతుండగా!

“అంతేనేంటే?” అంది అక్క. ఆవిడ ప్రార్థన మొదలెడితే పొయ్యి మీద కూర మాడాల్సిందే మరి.

“మిగతాది బండిలో మీరు చేసుకోండి. ముందు లేవండి!”

లేచింది. కొడుకు భుజం పట్టుకుని తన కాళ్లతోనే ఎక్కింది. మంచం దక్కింది, వెళ్లగానే ఆక్సిజన్ పెట్టేరు. కొన్నాళ్లకి చిక్కి సగమై, ఇంటికొచ్చేసింది. ఊపిరి నిలబెట్టింది ఆసుపత్రివాళ్లే, అందులో సందేహం లేదు. కానీ ఆ గడప దాటించింది ప్రార్థన.

ఆ మర్నాటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ఏఎన్ఎంకి ఫోను చేసిన వెంటనే, బండి వచ్చేలోగానే, “వెళ్లేముందు మీకేం కావాలండీ?” అని రోగిని అడిగేదాన్ని. మా వాళ్లయితే ప్రార్థన అనేవారు. రైతుల ఇళ్లలో దేవుడి పటానికి దణ్ణం అనేవారు. ఒక పెద్దాయన పాడిగేదెను చూసొస్తానన్నాడు, కిటికీలోంచి చూపించాను. బండి వచ్చేసరికి మనిషి చెప్పులేసుకుని సిద్ధంగా ఉండేవాడు.

రానని మొండికేసే రోగిని బెదిరిస్తే ఇంకా బిగుసుకుంటాడు. ఏం మిగిలిపోయి కదలడం లేదో అడగాలి. ఆ అడగడం కూడా బండి రాకముందే అయిపోవాలి.