టీచరమ్మ దాక్కున్న స్తంభం

బుధవారం. పొద్దున్నుంచి ముసురు. నీళ్ల సంపు సగం కడిగాను. చీపురు చేతిలో ఉండగానే నా బిడ్డ వచ్చి, "నాన్నా, మా సోషల్ టీచరమ్మ చనిపోయింది," అంది.

రోజూ లెక్క రాసుకోవడమే తప్ప నాకు వేరే రాత తెలియదు. ఆ నాలుగు అక్షరాలూ సొంతంగా నేర్చుకున్నవే. అయినా ఆమె గురించి రాయాలనిపించింది.

నా బిడ్డ తొమ్మిదిలో ఉన్నప్పుడు, నాచారంలోని వాళ్ల బడివాళ్లు పిల్లల్ని సింగపూర్ తీసుకుపోతామన్నారు. మీటింగులో ప్రిన్సిపాల్ ఎక్స్‌పోజర్ అన్నాడు, కాన్ఫిడెన్స్ అన్నాడు. టూర్ కంపెనీ ఎవరికి ఏం ముట్టజెప్పిందోనని నాకు అనుమానం. బయట టీచరమ్మను ఆపాను.

"పిల్లలకు ఏమొస్తది మేడమ్ దీంతోని?"

"నాకూ తెల్వదన్నా," అంది, సుద్ద అంటిన వేళ్లు కొంగుకు తుడుచుకుంటూ. "మీ బిడ్డ క్లాసుల నోరు తెరవది. ఆడ తెరుస్తదేమో సూద్దాం."

నా బిడ్డది నా పోలిక. బస్సు స్టాపు దాటిపోతున్నా కండక్టరును పిలవదు. ఆ మాట తగిలి పంపాను.

తిరిగొచ్చాక ఏం నేర్చుకున్నావని అడిగాను.

"ఎస్కలేటర్ మీద ఎడమ పక్కకు నిలబడాలె."

"దానికి విమానమెక్కాలెనా?"

"మెట్రో స్టేషన్ల తప్పిపోయిన కూడా. ఒకామెను దారడిగి మా వాళ్లను కలిసిన."

నవ్వుతూనే చెప్పింది. మర్నాడే బడికి పోయి టీచరమ్మను నిలదీశాను.

"తప్పిపోలేదన్నా. ముందు పోయినట్టు జేసి నేనే స్తంభం ఎన్క నిలబడ్డ. పిల్ల దారి అడిగేదాంక నా పానం పానంల లేదు."

"అడుగుడు మన ఉప్పల్ల నేర్పరాదా?"

"ఉప్పల్ల అందరు తెలిసినోళ్లే. తప్పు మాట్లాడితే నవ్వుతరని భయం. తెల్వని ఊర్ల సిగ్గుపడేతందుకు ఎవరున్నరు?"

మాట బాగుంది. బాగున్న మాటల మీదే నాకు అనుమానం ఎక్కువ. పిల్లను నిజంగానే పోగొట్టి, తర్వాత ఈ కథ అల్లిందేమో.

తెలిసిన దారైనా ఎవరినో ఒకరిని అడిగి పోవడం టీచరమ్మ అలవాటు. "అడిగితే మనిషి కలుస్తడు," అనేది. ఆదివారం చర్చి నుంచి వస్తూ ఎదురైతే, "ఇప్పుడన్న నమ్మినవా అన్నా?" అనేది. "సూద్దాం మేడమ్," అనేవాణ్ని. పకపకా నవ్వేది.

ఆ బుధవారం మధ్యాహ్నం టీచరమ్మను సాగనంపడానికి నేనూ బిడ్డా చెంగిచెర్లలో బస్సు దిగాం. ఎటు చూసినా కొత్త కాలనీలు, ఒకే తీరు సందులు. సమాధుల తోట ఎటో తెలియలేదు. ప్రార్థన వేళ దాటిపోతోంది.

"నీ ఫోన్ల సూడు."

"చార్జింగ్ లేదు. నువ్వే అడుగు నాన్నా."

బస్సులో దారంతా ఫోనే చూసింది. నమ్మబుద్ధి కాలేదు. ఏదో అనబోతూ తిరిగితే, పక్కన పిల్ల లేదు.

చేసేది లేక టీ కొట్టు ముందు కూర్చున్న పెద్దమనిషి దగ్గరికి పోయాను. టీచరమ్మ పేరు చెప్పి సమాధుల తోట ఎటని అడగగానే ఆయన లేచి నిలబడ్డాడు. "టీచరమ్మ కాడికా? గా నీళ్ల ట్యాంకు దాటి ఎడమకు మలుగు. జర జల్ది పో అన్నా."

వెనక్కి చూశాను. కాలనీ కమాను స్తంభం పక్కన చున్నీ అంచు తడిసి వేలాడుతోంది.

"కనబడుతున్నవ్ బిడ్డా."

ఇవతలికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"టీచరమ్మకు కూడా గిట్లనే నాన్నా, దాక్కునుడు రాలే. స్తంభం ఎన్కకెల్లి పచ్చ చీర కొంగు ఎగురుతనే ఉండె. నేనే సూడనట్టు జేసి దారి అడిగిన."